పండక్కి ఇంటినిండా జనం: వంట ఒక్కరే చేయాలా, ముందే చేసి పెట్టాలా, పంచుకోవాలా?

"అందరం వస్తున్నాం" అని ఫోన్ రాగానే ఇంట్లో మొదటగా వచ్చే మాట "ఏం వండుదాం?" అనే. కాసేపట్లో కాగితం మీద పెద్ద జాబితా తయారవుతుంది. కూరలు రెండు, వేపుడు ఒకటి, తీపి రెండు రకాలు, పిల్లలకి వేరే ఏదైనా. ఎవరు వండుతారు, ఎప్పుడు వండుతారు, ఏ పొయ్యి మీద ఏది ఎక్కుతుంది అన్నది మాత్రం ఎవరూ అడగరు. ఆ ప్రశ్నకి జవాబు మామూలుగా ఇంట్లో ఒకే మనిషి నెత్తిన పడుతుంది. అందరూ హాల్లో నవ్వుకుంటుంటే ఆ ఒక్కరూ వంటింట్లో చెమటలు కక్కుతుంటారు.

అందుకే ఇందులో వంటకాల జాబితా ఇవ్వడం లేదు. పదిహేను మంది నుంచి ముప్ఫై మంది దాకా వచ్చే రోజున ఇంటి వంటని నడిపే దారులు ఐదున్నాయి. అన్నీ ఆరోజే ఒక్కరే వండటం, ముందే వండి దాచుకోవడం, ఇంటికో వంటకం తెచ్చుకోవడం, అందరూ కలిసి వండటం, కొంత ఇంట్లో చేసి మిగతాది బయట నుంచి తెప్పించుకోవడం. మీ ఇంటికి, మీ ఓపికకి, వచ్చేవాళ్లకి ఏది సరిపోతుందో తేల్చుకోవడానికి ఇది రాస్తున్నాను.

## ముందు ఇవి చూసుకోండి

ఆఖరి గంట. నా లెక్కలో అన్నిటికంటే పెద్ద కొలత ఇదే. భోజనం ఒంటిగంటకి అనుకుంటే, పన్నెండు నుంచి ఒంటిగంట దాకా పొయ్యి దగ్గర ఎవరు ఉంటారు, ఎంతసేపు ఉంటారు? అప్పుడే తలుపు కొడతారు, అప్పుడే పిల్లలు మంచినీళ్లు అడుగుతారు, ఎప్పటినుంచో చూడని మనిషి వచ్చి చేయి పట్టుకునేదీ అప్పుడే. ఆ గంటలో నాలుగు పనులు మిగిలిపోయే పద్ధతిని ఎంచుకున్నారంటే మీరు ఆ పండగలో లేనట్టే.

పొయ్యి శక్తి. మనుషులు పెరిగితే సరుకు పెరుగుతుంది, మంట మాత్రం పెరగదు. గిన్నెకి నిజంగా అందే వేడి రెండు కిలోవాట్లు అనుకుందాం. 2 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల సెల్సియస్ నుంచి మరగడానికి ఐదు నిమిషాలు చాలు. అదే మంట మీద 10 లీటర్లకి 26 నిమిషాలు పడుతుంది. అంటే నలుగురికి వండేటప్పుడు "అరగంటలో అయిపోతుంది" అనుకునే కూర ఇరవై మందికి అరగంటలో కాదు. ఎసరు మరగడానికే అరగంట పోతుంది. పైగా పెద్ద గిన్నె పెడితే పక్క పొయ్యి మీద ఇంకో గిన్నె పట్టదు. నాలుగు బర్నర్లు ఉన్నా పెద్ద గిన్నెలు రెండే కూర్చుంటాయి. ఇది ముందురోజే ఖాళీ గిన్నెలు పెట్టి చూసుకోవాల్సిన సంగతి.

ఫ్రిజ్‌లో జాగా. ముందే వండుకోవడం అనే మాట ఫ్రిజ్ తలుపు తెరిచి చూశాకే అనాలి. మామూలు రోజుల్లో ఉండే పాలు, కూరగాయలు, పాత డబ్బాలు తీసేస్తే ఎన్ని అరలు ఖాళీ అవుతాయో లెక్కపెట్టండి.

తినేవాళ్లు ఎవరు. పసిపిల్లలు, గర్భిణులు, బాగా పెద్దవాళ్లు, జబ్బు పడి లేచినవాళ్లు ఉంటే వంట భద్రత గురించి మరింత గట్టిగా ఉండాలి. అలర్జీల సంగతి ముందే అడగండి. వేరుశనగ, జీడిపప్పు లాంటి గింజలు, నువ్వులు, పాలు, గుడ్డు, గోధుమ, సోయా, చేప, రొయ్య. వీటిలో ఏదైనా పడనివాళ్లు ఉంటే పద్ధతి ఎంపికే మారిపోతుంది. ఎందుకో కింద చెబుతాను.

చేతులు. నిజంగా సాయం చేసేవాళ్లు ఎంతమంది? "నేనున్నాగా" అన్నవాళ్లని కాదు, ఉదయం తొమ్మిదికల్లా మీ వంటింట్లో ఉండగలిగేవాళ్లని లెక్కపెట్టండి.

డబ్బు సంగతి ఒక్క మాటలో చెప్పాలంటే, ఇంట్లో వండితే తక్కువ, పంచుకుంటే ఇంకా తక్కువ, తెప్పించుకుంటే ఎక్కువ. ఇది అందరికీ తెలిసిందే.

## ఒకటి: అన్నీ ఆరోజే, ఒక్కరే

వేడివేడిగా, తాజాగా, ఒకే చేతి రుచితో ఉంటుంది. ఉప్పూకారం మీద అదుపు ఉంటుంది. అలర్జీ ఉన్నవాళ్లకి ఇది మంచి పద్ధతి, ఎందుకంటే ఏ గిన్నెలో ఏం పడిందో వండిన మనిషికి కచ్చితంగా తెలుసు. ఫ్రిజ్‌లో జాగా అక్కర్లేదు.

పది మంది దాకా ఇది హాయిగా నడుస్తుంది. పన్నెండు, పదిహేను దాటాక ఆఖరి గంట మింగేస్తుంది. వంట బాగా వచ్చినవాళ్లే ఇక్కడ ఎక్కువగా దెబ్బతింటారు. నలుగురికి కళ్లు మూసుకుని చేసే కూరే కదా అని సరుకులన్నీ ఐదింతలు చేసి వేసేస్తారు. పెద్ద గిన్నెలో నీళ్లు అంత తొందరగా ఇగరవు. గిన్నె నోటి వెడల్పు ఐదింతలు కాలేదు కదా. దాంతో కూర పలచగా మిగిలిపోతుంది, దాన్ని ఇగరబెట్టేసరికి ముక్కలు చితికిపోతాయి. అందుకే నీళ్లు లెక్కకంటే తక్కువ పోసి మొదలుపెట్టాలి. ఉప్పు, కారం, పులుపు లెక్కలో ముప్పావు వంతే వేసి, రుచి చూసి మిగతాది కలపాలి. ఎక్కువైతే తీయలేం, తక్కువైతే కలపగలం.

ఈ దారి ఎంచుకుంటే వంటకాలు తగ్గించండి. నాలుగు చాలు, ఐదు వద్దు. ఐదో వంటకం కోసం మీరు పడే నలభై నిమిషాల కష్టం తినేవాళ్లకి కనిపించదు. మిగతా నాలుగూ ఇంకాస్త శ్రద్ధగా చేస్తే కనిపిస్తుంది.

## రెండు: ముందే వండి దాచుకోవడం

ఉద్యోగాలు చేసుకునేవాళ్లకి, ఒంటరిగా నడిపేవాళ్లకి ఇది వరం లాంటిది. కానీ అన్ని వంటకాలూ ఆగవు, ఆగేవాటిని కూడా ఎలా చల్లార్చామన్న దాని మీదే అంతా ఉంటుంది. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

ఒకసారి ఇరవై రెండు మంది వస్తున్నారని ముందురోజు రాత్రే పెద్ద గిన్నెడు పప్పు ఉడకబెట్టి తాలింపు వేశాను. తొమ్మిదికి పొయ్యి కట్టేశాను. వేడిది ఫ్రిజ్‌లో పెట్టకూడదని చిన్నప్పటినుంచీ విన్న మాట. చల్లారాక పెడదామని మూత పెట్టి పడుకున్నాను, అలాగే నిద్ర పట్టేసింది. పొద్దున్నే ఆరింటికి వచ్చి గిన్నె మీద చెయ్యేస్తే ఇంకా గోరువెచ్చగా ఉంది. మూత తీశాను. అంచు చుట్టూ చిన్న చిన్న బుడగలు, గరిటె పెట్టి లేపితే పలచటి జిగురు తీగ, వెంటనే ముక్కుకి పుల్లటి వాసన. మా అత్తయ్య వెనక నుంచి చూసి, "పారబొయ్యమ్మా, గంటలో కొత్తది అవుతుంది, ముందు స్టవ్ వెలిగించు" అంది. ఆవిడ ఆ మాట అనకపోతే నేను అక్కడే కూర్చుండిపోయేదాన్ని.

గిన్నె పెద్దదవడం వల్లే అది పాడైంది. గట్టిగా ఉన్న పదార్థాన్ని కదపకుండా ఉంచితే, లోతు రెట్టింపైనప్పుడు మధ్యలో చల్లారే సమయం దాదాపు నాలుగింతలవుతుంది. తొమ్మిది గంటల తర్వాత కూడా మధ్యలో గోరువెచ్చగా ఉందంటే, ఆ తొమ్మిది గంటల్లో ఎక్కువ భాగం క్రిములు పెరగడానికి అనువైన వేడిలోనే గడిచిందన్న మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క సులువుగా గుర్తుంటుంది. వండిన ఆహారాన్ని బయట రెండు గంటలకి మించి ఉంచకూడదు. చల్లగా ఉంచితే 5 డిగ్రీల లోపు, వేడిగా ఉంచితే 60 డిగ్రీల పైన ఉండాలి. ఆ రెండిటి మధ్యే ప్రమాదం. కొన్ని క్రిముల బీజాలు ఉడికినా చావవు. నిదానంగా చల్లారే పెద్ద గిన్నెలో అవి మళ్లీ మొలకెత్తి పెరుగుతాయి. అన్నంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా వదిలే విషాల్లో ఒకటి మళ్లీ వేడి చేసినా పోదు. "ఒకసారి మరిగిస్తే సరిపోతుందిలే" అన్న మాట అందుకే నమ్మకండి.

ఇప్పుడు నేను చేసే పని ఇది. పొయ్యి దించగానే వంటని వెడల్పాటి పళ్లాల్లోకి, రెండంగుళాల లోతు మించకుండా పంచేస్తాను. సింకులో చల్లటి నీళ్లు, ఐసు వేసి పళ్లాన్ని అందులో ఉంచి మధ్యమధ్యలో కలుపుతాను. ఆవిర్లు తగ్గాక, అంటే అరగంట, ముప్పావు గంటలో ఫ్రిజ్‌లోకి వెళ్లిపోతుంది. ఇంకా కొద్దిగా వెచ్చగా ఉన్నా పరవాలేదు. పళ్లాల మధ్య గాలి ఆడేలా ఖాళీ వదిలితే చాలు. మళ్లీ వేడి చేసేటప్పుడు అంచులు పొంగడం చూసి ఆపకుండా, అడుగునుంచి కలుపుతూ మధ్య భాగం కూడా పొగలు కక్కేదాకా ఉంచాలి. వంటకి వాడే థర్మామీటర్ ఉంటే 74 డిగ్రీలు చూసుకోండి. ఒకసారి వేడి చేసినదాన్ని మళ్లీ చల్లార్చి మళ్లీ వేడి చేయడం వద్దు. అందుకే ఎంత కావాలో అంతే బయటికి తీయాలి.

ఇక ఏది ఆగుతుంది, ఏది ఆగదు అన్నది:

| వంటకం రకం | ఎంత ముందు | ఎలా ఉంటుంది |
|---|---|---|
| గ్రేవీ కూరలు, పులుసులు, మాంసం కూరలు | 1 రోజు, బాగా చల్లారిస్తే 2 | మసాలా ముక్కకి పట్టి మరునాడు ఇంకా బాగుంటాయి |
| ఉల్లి, టమాటా వేయించి నూరిన ముద్ద | ఫ్రీజర్‌లో కొన్ని వారాలు | ఏ తేడా తెలియదు, ఆఖరి గంటకి ఇదే ఆదా |
| పప్పులు, చిక్కుళ్లు | 1 రోజు | గట్టిపడతాయి, వేడి చేసేటప్పుడు నీళ్లు పోయాలి |
| అన్నం | ఆరోజే మేలు | ఫ్రిజ్‌లో గింజ గట్టిపడుతుంది |
| బంగాళదుంప ముక్కలున్న కూర | ఫ్రిజ్‌లో 1 రోజు | ఫ్రీజర్‌లో పెడితే దుంప పిండిపిండిగా, నీళ్లునీళ్లుగా అవుతుంది |
| పెరుగు, మీగడ కలిపిన గ్రేవీ | కలపకముందే దాచాలి | ఫ్రీజ్ చేస్తే విరిగినట్టవుతుంది |
| వేపుళ్లు, కరకరలాడేవి | వద్దు | మెత్తబడతాయి, ఎంత వేడి చేసినా ఆ కరకర రాదు |
| సలాడ్లు, పచ్చి ముక్కలు | కోసి విడిగా, ఉప్పు లేకుండా | ఉప్పు తగిలితే గంటలోనే నీరు ఊరుతుంది |

పెద్ద మాంసం ముక్క ఫ్రీజర్‌లో ఉంటే దాన్ని ఫ్రిజ్‌లోకి మార్చే రోజు కూడా జాబితాలో రాసుకోండి. రెండు, రెండున్నర కిలోల ముక్క ఫ్రిజ్‌లో కరగడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ఐదు కిలోలైతే రెండు రోజులు. తొందరపడి వంటింటి గట్టు మీద వదిలేస్తే పైభాగం వెచ్చబడిపోతుంది, లోపల మాత్రం ఇంకా రాయిలాగే ఉంటుంది.

ఈ పద్ధతిలో ఇంకో లోపం ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆరోజు ఇంట్లో వంట వాసన ఉండదు. గుమ్మంలో అడుగుపెట్టగానే తగిలే తాలింపు వాసన కోసమే వచ్చేవాళ్లు కొందరుంటారు. అందుకని నేను ఎంత ముందే వండుకున్నా, తాలింపు మాత్రం వాళ్లు వచ్చే వేళకే వేస్తాను.

## మూడు: ఇంటికో వంటకం

ఖర్చూ పనీ రెండూ పంచుకోవచ్చు. ఒకే ఊళ్లో ఉండే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు తరచూ కలిసే కుటుంబాలకి దీన్ని మించింది లేదు. ఎవరి మీదా భారం పడదు కాబట్టి కలయికలూ ఎక్కువగా జరుగుతాయి.

చెడేదల్లా "మీకు తోచింది తెండి" అనడం దగ్గరే. అలా అంటే తీపి నాలుగు రకాలు వస్తాయి, అన్నంలోకి కూర ఉండదు. కాబట్టి వంటకం పేరు వాళ్లిష్టానికి వదిలేసి, రకం మాత్రం మీరే చెప్పండి. "వదినా, నువ్వు ఒక గ్రేవీ కూర తెస్తావా, పన్నెండు మందికి సరిపడా?" అని రకం, కొలత రెండూ అడగాలి. పన్నెండు మందికని ఎందుకంటే, పాతిక మంది ఉన్నా కూరలు మూడు నాలుగు ఉన్నప్పుడు ఎవరూ ప్రతి కూరా నిండుగా వడ్డించుకోరు. అందరూ పాతిక మందికి తెస్తే సగం మిగిలిపోతుంది.

పంచేటప్పుడు దూరాన్ని చూడండి. మూడు గంటలు ప్రయాణం చేసి వచ్చేవాళ్లకి పొడి తీపి, నిల్వ ఉండే చిరుతిండి లాంటివి ఇవ్వాలి. గ్రేవీ కూర, మాంసం దగ్గరివాళ్లకి. వంట కుదరనివాళ్లు పళ్లు, ఐసు, నీళ్లు, పళ్లేలు తెస్తారు. ఆ పని చిన్నదేమీ కాదు, పళ్లేలు లేకపోతే భోజనమే ఆగుతుంది. రెండు గంటల లెక్క దారిలో కూడా నడుస్తూనే ఉంటుంది. అంచేత పొగలు కక్కుతున్నదాన్ని వేడి నిలిపే డబ్బాలో తేవాలి, లేదంటే పూర్తిగా చల్లార్చి ఐసుతో పాటు తెచ్చి ఇక్కడ వేడి చేసుకోవాలి. గోరువెచ్చగా తేవడం మాత్రం వద్దు.

అలర్జీ ఉన్నవాళ్లకి ఈ పద్ధతిలో రిస్క్ ఎక్కువ. ఐదు ఇళ్ల గరిటెలు, ఐదు రకాల నూనెలు. ఏ కూరలో జీడిపప్పు ముద్ద కలిసిందో తిన్నాక తెలిస్తే లాభం లేదు. తెచ్చిన ప్రతి గిన్నె మీద చిన్న చీటీ అంటించి, అందులో ఏమేం వేశారో తెచ్చినవాళ్ల చేతే రాయించండి. తీవ్రమైన అలర్జీ ఉన్నవాళ్లకి ఆ చీటీ కూడా చాలదు. వాళ్ల భోజనం ఒకే చోట, తెలిసిన చేతులతో వండి విడిగా మూతపెట్టి ఉంచాలి.

ఆఖరి గంట సంగతి చూద్దాం. పైకి ఖాళీగానే అనిపిస్తుంది. కానీ పన్నెండున్నరకి ఐదు గిన్నెలు ఒకేసారి వచ్చి, ఐదూ వేడి చేయమంటాయి. పొయ్యి మాత్రం ఒక్కటే. "వేడి చేయాల్సినవి పదకొండున్నరకల్లా తెచ్చేయండి" అని ముందే చెబితే ఈ గోల ఉండదు.

## నాలుగు: అందరూ కలిసి వండటం

సమయం లెక్కన చూస్తే ఇదే అన్నిటికంటే నెమ్మది. రెండు గంటల పని నాలుగు గంటలవుతుంది, ఎందుకంటే మాటలు ఉంటాయి. అయినా నా మనసు దీని వైపే మొగ్గుతుంది. ఇక్కడ వంటింట్లో ఉన్న మనిషి పండగని పోగొట్టుకోడు. పండగే వంటింట్లోకి వస్తుంది.

నడవాలంటే రెండు పనులు ముందే జరగాలి. ఒకటి, కోసే పని, వలిచే పని వంటింట్లోంచి బయటికి రావాలి. ఇద్దరు నిలబడే చోట ఆరుగురు నిలబడితే కాలే గిన్నెల మధ్య పిల్లలు తిరుగుతారు, అది మంచిది కాదు. హాల్లో చాప వేసి, కత్తిపీటలు ఒకవైపు, పిల్లలు బఠాణీలు వలిచే పళ్లెం ఇంకోవైపు పెట్టండి. పచ్చి మాంసం కోసే పలక, కత్తి పూర్తిగా విడిగా ఉండాలి. ఇంతమంది చేతులు తిరిగేటప్పుడు దాన్ని ఒకరే చూసుకోవడం మేలు. రెండు, ప్రతి గిన్నెకీ ఒకే యజమాని ఉండాలి. దారిన పోతూ ముగ్గురు ఉప్పేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఈ పద్ధతిలో దొరికేది ఇంకెక్కడా దొరకదు. పెద్దవాళ్ల చేతి కొలతలు. మా అమ్మ ఏదడిగినా "గుప్పెడు వెయ్యి" అంటుంది. ఎవరి గుప్పెడు? ఓ పండక్కి కలిసి వండుతున్నప్పుడు వంటింటి త్రాసు తెచ్చి ఆవిడ గుప్పెడు పప్పు మూడుసార్లు దాని మీద పోయించాను. 41 గ్రాములు, 39, 40. యాభై ఏళ్ల అలవాటు ఉన్న చేయి ఒక్క గ్రాము అటూఇటూగా అంతే తూగింది. ఆ రోజు రాసుకున్న కాగితం ఇప్పటికీ మా వంటింటి అలమర తలుపు లోపలివైపు అంటించి ఉంది. మీ ఇంట్లో అలాంటి చేయి ఉంటే, ఈ ఒక్క కారణానికైనా ఒక పండక్కి ఈ దారి పట్టండి.

టైము కచ్చితంగా పాటించాల్సిన రోజున మాత్రం ఇది వద్దు. ఎవరికైనా బండి, విమానం ఉంటే మరీ వద్దు.

## ఐదు: కొంత ఇంట్లో, కొంత బయట నుంచి

దీన్ని తక్కువగా చూసేవాళ్లున్నారు. నాకది సరైనదనిపించదు. జబ్బు మనిషి ఉన్న ఇల్లు, పసిబిడ్డ ఉన్న ఇల్లు, పండగ ముందురోజు రాత్రిదాకా డ్యూటీ ఉన్న ఇల్లు కూడా నలుగురినీ పిలవాలనుకుంటాయి.

ఏది తెప్పించాలి, ఏది వండాలి అన్నదానికి ఒకటే ప్రశ్న వేసుకుంటాను. ఇది ఇంటిది కాకపోతే ఎవరైనా అడుగుతారా? రొట్టెలు, ఐస్‌క్రీమ్, పొడి తినుబండారాల గురించి ఎవరూ అడగరు. మీ ఇంటి పులుసు గురించి అడుగుతారు. అడిగేది ఇంట్లో వండండి, అడగనిది తెప్పించండి. బయటి వంట ఎప్పుడు వండారో, ఎన్నింటికి చేరుస్తారో కనుక్కోండి. రెండు గంటల లెక్క వాళ్ల పొయ్యి దగ్గరే మొదలైంది. ఆలస్యమైతే ఏం చేయాలో కూడా ముందే అనుకోవాలి. అన్నం, ఒక పప్పు ఇంట్లోనే ఉంటే ఎవరూ ఖాళీ కడుపుతో కూర్చోరు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| పద్ధతి | ఆఖరి గంట | పొయ్యి మీద ఒత్తిడి | ఫ్రిజ్ జాగా | అలర్జీ ఉంటే | ఎంతమందికి |
|---|---|---|---|---|---|
| ఆరోజే, ఒక్కరే | చాలా కష్టం | చాలా ఎక్కువ | అక్కర్లేదు | మంచిది | 10–12 దాకా |
| ముందే వండటం | తేలిక | ముందురోజుకి మారుతుంది | చాలా కావాలి | మంచిది | 20–25 దాకా |
| ఇంటికో వంటకం | వేడి చేసే గోల | మధ్యస్థం | కొంచెం | జాగ్రత్త | 15–30 |
| కలిసి వండటం | సందడి, ఆలస్యం | ఎక్కువ | అక్కర్లేదు | పరవాలేదు | 10–20 |
| కొంత బయట నుంచి | తేలిక | తక్కువ | కొంచెం | అడిగి తెలుసుకోవాలి | ఎంతమందికైనా |

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

మొదటిసారి ఇంటికి పిలుస్తున్నవాళ్లు ఇంటికో వంటకం పద్ధతితో మొదలుపెట్టండి, అన్నం, ఒక పప్పు, ఒక కూర మీరు చేయండి. బియ్యం పెద్దవాళ్లకి తలకి 80 నుంచి 100 గ్రాముల లెక్కన తీసుకోండి. ఉడికాక బరువు రెండున్నర, మూడు రెట్లవుతుంది కాబట్టి ఇరవై మందికి 2 కిలోల బియ్యం సరిపోతుంది, గిన్నె మాత్రం దానికి తగ్గది ఉందో లేదో చూసుకోండి. ఆరోజు కొత్త వంటకం ప్రయత్నించవద్దు. చేయి తిరిగినదే చేయండి.

చిన్న వంటిల్లు, రెండు బర్నర్లు ఉన్నవాళ్లు అన్నీ ఆరోజే వండటం అనే ఆలోచన మానేయండి. ముద్దలు, గ్రేవీలు ముందే చేసుకుని, ఆరోజు పొయ్యిని అన్నానికి, తాలింపుకి మాత్రమే ఉంచుకుంటే అదే రెండు బర్నర్లు చాలినన్ని అవుతాయి. ఫ్రిజ్ కూడా చిన్నదైతే ఇంటికో వంటకం ఒక్కటే దారి.

వంటిల్లు వదలని పెద్దవాళ్లు ఉన్న ఇల్లు. అత్తయ్యో, అమ్మో, నాయనమ్మో, "నేనే చేస్తాను, మీరు వెళ్లండి" అంటారు. వాళ్ల చేతుల్లోంచి గరిటె లాక్కోవడం తప్పు. అలా అని డెబ్బై ఏళ్ల మనిషిని నాలుగు గంటలు నిలబెట్టడమూ తప్పే. వాళ్ల పేరు మీద ఒకే వంటకం ఉంచండి, అందరూ దేనికోసం ఎదురు చూస్తారో అది. కోయడం, కడగడం, ఎత్తడం మీ పని. స్టవ్ పక్కనే ఎత్తయిన స్టూలు వేయండి. "అమ్మా, ఉప్పు నువ్వే చూడాలి" అని మిగతా గిన్నెలు కూడా రుచికి వాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి. పెత్తనం వాళ్లదిగానే ఉంటుంది, మోకాళ్లూ నిలుస్తాయి.

మూడు నాలుగు రోజులు ఉండిపోయే చుట్టాలు వస్తుంటే ఒకే పద్ధతి పట్టుకోవద్దు. మొదటి పూట ముందే వండింది, ఎందుకంటే వాళ్లు ఎప్పుడు చేరతారో చెప్పలేం. పండగ పూట అందరూ కలిసి వండింది. తర్వాతి రోజు ఒక పూట బయట నుంచి. ఆఖరి పూట మిగిలినవి సర్దుకుంటూ తేలికగా. ఇలా పూటల లెక్కన విడగొడితే ఎవరికీ టెన్షన్ ఉండదు.

పసిపిల్లలు, గర్భిణులు ఎక్కువగా ఉంటే ఆరోజు వండినదాని వైపే మొగ్గండి, వంటకాలు తగ్గించండి. దూరం నుంచి తెచ్చినవి వాళ్ల పళ్లెంలోకి రాకుండా చూసుకోండి.

నన్ను ఒకటే ఎంచుకోమంటే, పద్ధతిని పూట మొత్తానికి కాదు, వంటకానికి ఒక్కటిగా ఎంచుకుంటాను. గ్రేవీలు ముందురోజు, తీపి ఒక వదిన ఇంటి నుంచి, వేపుడు ఆరోజు అందరితో కలిసి, ఐస్‌క్రీమ్ బయటిది. ఒంటిగంట భోజనానికి ఆరోజు మా ఇంట్లో నడిచే వరస ఇలా ఉంటుంది. తొమ్మిదికి కోతలు హాల్లో మొదలు. పదకొండున్నరకి గ్రేవీలు వేడికి పెట్టడం, బయటి నుంచి వచ్చే గిన్నెలు చేరడం. పన్నెండుకి అన్నం పొయ్యి మీదికి. పన్నెండున్నరకి తాలింపు. పావుతక్కువ ఒంటిగంటకి వేపుడు ఆఖరి విడత, అది నాకంటే మా తమ్ముడు బాగా చేస్తాడు కాబట్టి వాడికే. ఆ పావుగంట నేను చేతులు కడుక్కుని హాల్లో ఉంటాను.

మిగిలినవాటి సంగతి కూడా ముందే అనుకోండి. ఖాళీ డబ్బాలు, మూతలు, ఒక మార్కర్ పెన్ను గట్టు మీద పెట్టుకోండి. వడ్డించడం మొదలైన గంటన్నరకి ఒకరు లేచి, వడ్డించే గిన్నెల్లో మిగిలినవాటిలో ఆరోజే వండినవి తక్కువ లోతున్న డబ్బాల్లోకి సర్ది, మూత మీద తేదీ రాయాలి. ఫ్రిజ్‌లో మూడు రోజులు, మహా అయితే నాలుగు. దూరం వెళ్లేవాళ్ల డబ్బాలో కూర పెట్టకండి, పొడి తీపి పెట్టండి. దగ్గరివాళ్లకి ఆరోజే వండిన కూర ఇవ్వండి, ఇంటికి వెళ్లగానే ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పి పంపండి.